మనసుకొక దినచర్య

మనసు కలతకు తెలుగులో ఉన్నన్ని పేర్లు ఒంటి జబ్బులకు లేవేమో అనిపిస్తుంది నాకు. దిగులు, బెంగ, గుబులు, చింత, వగపు, వేదన... ఇవన్నీ ఒకటి కావు. దిగులుకు కారణం ఉండి తీరాలని లేదు, మబ్బు పట్టిన సాయంత్రం చాలు. గుబులు రాబోయేదాన్ని గురించి, వగపు జరిగిపోయినదాన్ని గురించి. బెంగకు మాత్రం ఎవరో ఒకరు కావాలి. ఊరెళ్ళిన తల్లి కోసం బిడ్డ బెంగ పెట్టుకుంటుంది, ఆ బెంగతోనే జ్వరం తెచ్చుకుంటుంది. "ఇది బెంగ జ్వరమే, మందులకు తగ్గదు, వాళ్ళమ్మను రమ్మనండి" అని మా ఇళ్ళలో పెద్దవాళ్ళు తేల్చి చెప్పేవారు. మనసుకూ ఒంటికీ నడుమ గోడ లేదన్న సంగతి వాళ్ళకు ఎవరూ బోధించనక్కర లేకపోయింది.

ఈ మధ్య పత్రికలవారు డిప్రెషన్‌ను కుంగుబాటు అంటున్నారు. చక్కని మాట. గోడ కూలితే చప్పుడవుతుంది, నలుగురూ పరుగెత్తుకొస్తారు. కుంగినప్పుడు చప్పుడు కాదు. ఒకనాడు తలుపు సరిగా పడకపోతే, గడియ ఎక్కకపోతే అప్పుడు తెలుస్తుంది, ఇల్లు ఒక మూలకు ఒరిగిందని.

మనసును పదిలంగా ఉంచుకోవడానికి పది సూత్రాలంటూ వచ్చే వ్యాసాలను నేనూ చదువుతూంటాను. నడవండి, నవ్వండి, నలుగురితో కలవండి, కంటినిండా నిద్రపోండి. కాదనడానికి అందులో ఏమీ లేదు. చిక్కల్లా ఒక్కటే. అవి చేయగలిగిన స్థితిలో ఉన్నవాడికి ఆ సలహా అక్కర లేదు, అక్కర ఉన్నవాడు మంచం దిగలేడు. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని నేనొక ఏడాది పాటు మా అమ్మ పక్కన ఉండి చూశాను. ఆ చూసినది, దాని చుట్టూ చదివినది ఇక్కడ రాసుకుంటున్నాను.

నాన్నగారు 2022 ఫిబ్రవరిలో పోయారు. రాజమండ్రిలో మా ఇల్లు. నా ఉద్యోగం ఎక్కడినుంచైనా చేయగలిగినది కావడంతో ఆ ఏడంతా అమ్మ దగ్గరే ఉండిపోయాను.

మొదటి పన్నెండు రోజులు దుఃఖానికి ఇంట్లో చోటు లేదనే చెప్పాలి. ఇల్లంతా జనం, ఏ రోజుకు ఆ రోజు చేయవలసిన విధి, ఎవరో ఒకరు పెట్టే అన్నం, ఎవరో ఒకరు పరిచే చాప. అపరకర్మల ఆధ్యాత్మికార్థం సంగతి నాకంతగా పట్టదు గాని, మనసు పనిచేయడం మానేసినప్పుడు కాలాన్ని ఎవరో ముక్కలుగా కోసి చేతికి అందిస్తారు చూడండి, ఆ ఏర్పాటు చేసిన వారెవరో లోకం తెలిసినవారు. పదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు. తరవాత నెలకొక మాసికం. చివరికి ఆబ్దికం. మెట్లు కట్టి ఉంటాయి, దిగడమే మన పని.

పదమూడో రోజున బంధువులు బస్సులూ రైళ్ళూ ఎక్కేశారు. అసలు కథ అప్పుడు మొదలైంది. అమ్మ ఏ పనీ మానలేదు. వండింది, గిన్నెలు సర్దింది, మొక్కలకు నీళ్ళు పోసింది. వాటి వేళలు మాత్రం కరిగిపోయాయి. భోజనం ఒకనాడు పదకొండింటికి, మరొకనాడు నాలుగింటికి. రాత్రి తొమ్మిదికే పడుకునేది, రెండున్నరకు మెలకువ. ఇక తెల్లవారేదాకా హాల్లో దీపం వేయకుండా కుర్చీలో కూర్చునేది. నలభై ఏళ్ళకు పైగా ఆమె రోజును నడిపించినవి గడియారం ముళ్ళు కావనీ, ఇంకొక మనిషి ఆకలి, ఆ మనిషి మందుల వేళ, ఆయన పేపరు పైకి చదివి వినిపించే అలవాటు అనీ నాకు అప్పుడు తెలిసింది. ఆ మనిషి లేకపోతే రోజుకు వెన్నెముక లేదు.

పరామర్శకు వచ్చినవారందరూ ఒకటే మాట: "ఏడవకండి, ధైర్యంగా ఉండాలి." అమ్మ నిజంగానే ఏడవడం మానేసింది. మా పెద్దత్తయ్య ఒక్కతే, తనకీ తమ్ముడు పోయిన దుఃఖమే కదా, వచ్చినవాళ్ళ మీద కసిరింది. "దాన్ని ఏడవనివ్వండర్రా. లోపల దాచుకోమని చెప్పడానికి అదేమైనా నగా నట్రా?" అని.

వారానికి రెండు మధ్యాహ్నాలు అత్తయ్య వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది. నేను గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. ఏదో చదవాలని కాదు, ఎవరూ పలకరించని చోట ఒక ఫ్యాను కింద గంటసేపు ఉండాలని. కనిపెట్టుకుని ఉండేవాళ్ళకు కూడా ఒక గంట కావాలి. ఇది స్వార్థమని మనవాళ్ళు గుసగుసలాడుతారు గాని, నూతిలో పడ్డవాళ్ళను తీయాలంటే ముందు మన కాలు గట్టు మీద ఆని ఉండాలి. ఆ దినాల్లోనే తాత్పర్యంతో ఉన్న చరకసంహిత తిరగేశాను. సూత్రస్థానంలో ఏడో అధ్యాయం వేగాలను గురించి. అణచుకోకూడని వేగాలు పదమూడని లెక్క చెప్తాడు. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, ఆవులింత వగైరా. ఆ వరసలో కన్నీరు ఉంది! కొంచెం ముందుకు వెళితే అణచుకోవలసిన వేగాల పట్టిక వేరే ఉంది: లోభం, భయం, క్రోధం, అసూయ... అందులో శోకం ఉంది.

ఈ రెండు పట్టికల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కన్నీటిని ఆపరాదు, శోకాన్ని ఆపాలి. పైకి చూస్తే పరస్పర విరుద్ధం. కాని కన్నీరు ఒంటి ధర్మం, వచ్చి పోయేది. శోకమంటే మనసు దాన్ని పట్టుకుని, పెంచి, దానిలోనే కాపురం పెట్టడం. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. కంటిని తుడిచేస్తాం, లోపలిదాన్ని ఉండనిస్తాం. కన్నీటిని అణచినవారికి పడిశం, కంటి జబ్బు, గుండె జబ్బు, అరుచి, తల తిరగడం వస్తాయట. దానికి చికిత్సగా ఆయన చెప్పినవి మూడు: నిద్ర, మద్యం, ప్రియమైన కథలు. మధ్యదాన్ని మా ఇంట్లో ప్రస్తావించే సాహసం నేను చేయలేదు. అది నిద్రను ముక్కలు చేస్తుందనీ, కుంగుబాటును మరింత లోతుకు దింపుతుందనీ ఇవాళ్టి వైద్యం చెప్తోంది కాబట్టి చరకుడి మాట దాటినందుకు పెద్ద పాపం అంటదు. మిగిలిన రెండూ మాత్రం పట్టుకున్నాను.

నిద్ర విషయంలో నాకు పనికొచ్చిన ఎరుక ఏమిటంటే, పడుకునే వేళను మనం శాసించలేం, లేచే వేళను శాసించగలం. రాత్రి ఎలా గడిచినా సరే, అయిదున్నరకు లేచి వెలుతురులోకి వెళ్ళాలి. ఒంట్లోని గడియారానికి కీ ఇచ్చేది పొద్దుటి వెలుగే. కంటిమీద ఆ వెలుగు పడ్డ లెక్కను బట్టే రాత్రి నిద్ర ఎప్పుడు రావాలో మెదడు తేల్చుకుంటుంది. రెండోది కాఫీ. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే అయిదు గంటల పైచిలుకు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన గ్లాసులో సగం, రాత్రి పదకొండింటికి ఇంకా ఒంట్లో మెలకువగా కూర్చుని ఉంటుందన్నమాట. గోదావరి జిల్లా మనిషికి సాయంత్రం కాఫీ మానమని చెప్పడం కన్నా ఉపవాసం ఉండమనడం తేలిక. మూడున్నరకే ఇచ్చేయడం అనే రాజీకి వచ్చాం.

నడక సులువుగా కుదరలేదు. "ఎందుకే ఈ నడక? ఎవరిని ఉద్ధరించడానికి?" అనేది అమ్మ. దానికి నా దగ్గర జవాబు లేదు. "ఉద్ధరించక్కర్లేదులే, వీధి చివరిదాకా వెళ్ళి పాలపాకెట్టు తెద్దాం" అన్నాను. వారం రోజులు వీధి చివరిదాకానే. తరవాత మార్కండేయస్వామి గుడిదాకా. ఆపైన పుష్కర ఘాట్ మెట్లదాకా. ఏటి సూతకం కాబట్టి గుడిలోకి వెళ్ళేది కాదు, బయటినుంచే దణ్ణం పెట్టుకునేది. గోదావరికి సూతకం లేదు కనుక మెట్ల మీద కూర్చునేవాళ్ళం. అటు పాత హేవలాక్ వంతెన స్తంభాలు, ఇటు పడవలవాళ్ళ కేకలు, బట్టలు ఉతికే చప్పుడు. మాట్లాడుకునేది తక్కువ. పక్కపక్కన నడిచేవాళ్ళకు ఒకరి మొహం ఒకరు చూడనవసరం లేదు. బరువైన మాటలు అలాంటప్పుడే బయటికి వస్తాయి, ఎదురెదురుగా కూర్చుంటే రావు.

ఉత్సాహం వస్తే పని చేద్దామని మనం కూర్చుంటాం. మనసు కుంగినవారిలో ఈ వరస పనిచేయదనీ, చిన్న పనిని ముందు చేయిస్తే ఉత్సాహం దాని వెనక వస్తుందనీ మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెప్తున్నారు. అమెరికాలో నీల్ జేకబ్‌సన్, ఆయన సహచరులు 1996లో ఒక పరిశోధన ప్రకటించారు. ఆలోచనల తప్పొప్పులను దిద్దే పూర్తి చికిత్సనూ, అందులోంచి దినచర్యను పునరుద్ధరించే భాగాన్ని మాత్రం విడదీసి ఇచ్చినదాన్నీ పోల్చి చూస్తే, ఆ ఒక్క భాగమే దాదాపు సమానంగా పనిచేసింది. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇల్లు అలికి, ముగ్గు వేసి, తులసికోటలో నీళ్ళు పోసి, ఆ తరవాతే కాఫీ తాగిన మా అమ్మమ్మ ఏనాడూ ఉత్సాహం కోసం ఎదురుచూసి ఎరుగదు. ఆవిడకు సుఖంగా గడిచిందని నేను అనను. ఆ రోజుల ఆడవాళ్ళకు ఎదురుచూసే తీరిక లేదు, అంతే. కాని రోజుకొక ఆకారం ఉండేది.

ఇక ప్రియకథలు. మాట్లాడేవాళ్ళకేం, బోలెడుమంది వచ్చేవారు. అందరూ చావు గురించే మాట్లాడేవారు. చివరి రోజు ఏమైంది, ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చయింది, ఎవరింట్లో ఇలాగే జరిగింది. వాళ్ళు వెళ్ళాక అమ్మ మొహం నల్లబడి ఉండేది. ఓదార్పు పేరుతో మనిషిని తెచ్చి అదే గది ముందు మళ్ళీ మళ్ళీ నిలబెట్టడం మనకొక అలవాటు.

మే నెలలో ఎదురింటి కోడలు వచ్చింది. పోయినవారింట ఆ ఏడు ఆవకాయ పెట్టకూడదని మావైపు పట్టింపు. అది తెలిసే వచ్చిందా అమ్మాయి. "పిన్నిగారూ, మా అత్తగారికి చూపు ఆనడంలేదు, నాకు కొలతలు రావు. మా ఇంట్లో కూర్చుని చెప్పరూ? చేతులు నావి, మాట మీది" అంది. అమ్మ వెళ్ళింది! కాయ కొట్టించడం దగ్గరనుంచి మొదలైంది. టెంక పట్టని కాయ పనికిరాదు, జీడి తీసి లోపలి పొర గీసేయాలి, ముక్కకు తడి తగలరాదు. నాలుగు గిన్నెల ముక్కకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, ఉప్పు గిన్నెకు వేలెడు తక్కువ. ఆ అమ్మాయి ఆవపిండి మిక్సీలో వేడెక్కేదాకా తిప్పిందని తిట్టింది. "చేదెక్కుతుంది అమ్మాయ్, దంపించవలసింది!" ఆ తిట్టు మా వసారాలోకి వినిపించింది. మూడు నెలల తరవాత అమ్మ గొంతు పూర్తి స్థాయిలో విన్నది ఆ పూటే. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కోడలు చేసినదాన్ని ఓదార్పు అని ఎవరూ అనరు. సాయం చేయడానికి రాలేదు, సాయం అడగడానికి వచ్చింది. మనసు నలిగిన మనిషికి అందరూ ఇచ్చేవాళ్ళే అయితే, తాను ఎవరికీ అక్కరలేదన్న సంగతే ప్రతి ఒక్కరూ గుర్తుచేసినట్టు ఉంటుంది.

రాయడం గురించి కూడా ఒక మాట. రాసేవాళ్ళం కదా, రాత మనసుకు మందు అని మనకు మనం గొప్పగా చెప్పుకుంటాం. అందులో నిజం ఉంది గాని కొన్ని షరతులున్నాయి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటనలను గురించి రాయించాడు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవారు తరవాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. అయితే రాసిన వెంటనే వారి మనసు తేలికపడలేదు, మరింత బరువెక్కింది. ఫలితం తరవాత ఎప్పుడో నెమ్మదిగా వచ్చింది. కాబట్టి రాసిన రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడనక్కర లేదు, పడుకోబోయే ముందు అలాంటివి రాయకపోతే ఇంకా మంచిది. పడుకోబోయే ముందు రాయవలసినది వేరే ఉంది. రేపు చేయవలసిన పనుల జాబితా. అమెరికాలోనే 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, అయిదు నిమిషాలు అది రాసి పడుకున్నవారు, చేసేసిన పనులు రాసి పడుకున్నవారికన్నా త్వరగా నిద్రపోయారు. మిగిలిపోయిన పనిని కాగితానికి అప్పగిస్తే మనసు దాన్ని కాపలా కాయడం మానుతుంది కాబోలు.

మా అమ్మకు ఈ సంగతులేవీ చెప్పలేదు. నాన్నగారి పద్దుల పుస్తకం ఉండేది. పాలు, పేపరు, ఇస్త్రీ, గ్యాసు. జూన్‌లో ఒకరోజు చూస్తే ఫిబ్రవరిలో ఆయన ఆపిన పేజీ కిందనే అమ్మ రాయడం మొదలుపెట్టింది. పాలు ఇంత, ఇస్త్రీ ఇంత. పక్కనే పెన్సిలుతో చిన్నచిన్న మాటలు. "మల్లెపూలు మూర పెరిగాయి, కొనలేదు." "పేపరువాడు మళ్ళీ గేటు బయట పడేశాడు, మీరుంటే కేకేసేవారు." నేను చదివానని ఆమెకు చెప్పలేదు.

ఈ పాటికి చదివేవారికి అంతా చక్కబడుతోందని అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 70 అడుగులు దాటిన వరద అది. మా నడక ఆగిపోయింది. నీరు తీసేలోపల శ్రావణమాసం వచ్చింది. పసుపు రాసిన గడపలు, వాయనాలు పట్టుకుని వీధిలో ఆ ఇంటినుంచి ఈ ఇంటికి తిరిగే ఆడవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా మా వీధిలో వరలక్ష్మీవ్రతానికి అందరికన్నా ముందు అమ్మకే పిలుపు వచ్చేది. ఆ శుక్రవారం ఎవరూ పిలవలేదు. ఎవరికీ ద్వేషం లేదు, ఆచారం అంతే. అమ్మ వీధి తలుపు వేసి లోపల పడుకుంది. మనసు బాగుండాలంటే నలుగురితో కలవమని చెప్పే వ్యాసకర్తలకు ఈ తలుపు సంగతి తెలియదు. కలవడానికి నలుగురూ ఒప్పుకోవాలి కదా!

ఆ తరవాత నెల రోజుల్లో ఇల్లు ఒరిగింది. నడకకు రమ్మంటే రానంది. అన్నం కెలికి వదిలేసేది. పద్దుల పుస్తకం ఆగిపోయింది. అంతవరకు ఉన్నది దుఃఖం. దుఃఖం అలలు అలలుగా వస్తుంది, రెండు అలల నడుమ మనిషి నవ్వగలుగుతుంది, మనవణ్ణి అడగగలుగుతుంది. ఇప్పుడు వచ్చింది నిలవనీరు. పొద్దుటికీ రాత్రికీ తేడా లేదు. ఆయన లేరన్న మాట పోయి, "నేను దేనికీ పనికిరాను" అన్న మాట వచ్చింది. ఒక రాత్రి, ఏదో కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా, "పొద్దున్న లేవకపోతే బావుణ్ణు" అంది.

అలాంటి మాటను అపశకునంలా తోసేయడం మన పద్ధతి. "ఛ, అవేం మాటలు" అంటాం. అవతలి మనిషి ఇక ఆ మాట అనదు, అనుకోవడం మాత్రం మానదు. నేను పక్కన కూర్చుని సూటిగానే అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా? ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదని ఈ రంగంలో పనిచేసేవారందరూ చెప్తారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, ఉన్నది ఒంటరితనం వదిలి బయటికి వస్తుంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఏడ్చింది. ఆరు నెలల నుంచి రానిది ఆ రాత్రి వచ్చింది. చేసుకోవాలని లేదు గాని, ఉండాలనీ లేదంది. తెల్లవారగానే వైద్యుడి దగ్గరికి బయలుదేరాం.

ఆయన ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా అచ్చం కుంగుబాటులాగే కనిపించవచ్చట. మా అమ్మకు అవి బాగానే ఉన్నాయి. అక్కడినుంచి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఈ సంగతి తెలిసి బంధువుల్లో ఒకాయన ఫోన్ చేసి, "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావట, రేపు ఎర్రగడ్డకు కూడా తీసుకెళ్తావా?" అన్నారు. వైద్యం చేసే ఒక ఊరి పేరును తిట్టుగా మార్చుకున్న జాతి మనది. సినిమాల్లో ఆ పేరు చెప్పి నవ్వించిన ప్రతిసారీ, వెళ్ళవలసినవాళ్ళు ఎందరు ఇంట్లోనే ఉండిపోయారో! 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనుల్లో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. వాళ్ళలో చాలామందికి చికిత్స అందడంలేదనీ తేలింది. మా బంధువుగారి బస్సులో కూడా నలుగురైదుగురు కూర్చుని ఉంటారన్నమాట.

డాక్టరమ్మ మాత్ర రాస్తూ చెప్పిన సంగతులు నాకు బాగా గుర్తున్నాయి. రెండు మూడు వారాలదాకా గుణం కనిపించదు, మొదట్లో కడుపులో తిప్పవచ్చు, మానేయకూడదు. ఇది అలవాటు పడిపోయే మత్తుమందు కాదు. తగ్గిందనిపించాక కూడా చాలా నెలలు వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి, ఒక్కసారి ఆపరాదు. తరవాత మా దినచర్య అడిగింది. నడక, లేచే వేళ, కాఫీ, పద్దుల పుస్తకం అన్నీ చెప్పాను. "అవన్నీ ఉండనివ్వండి. మాత్ర వాటికి బదులు కాదు, అవి మాత్రకు బదులు కావు" అంది. అమ్మ ఆ మాత్రను బీపీ మాత్ర పక్కన అదే డబ్బాలో పెట్టుకుంది. ఆ డబ్బాలో దానికి వేరే గది లేదు. ఎవరైనా అడిగితే దాచేది కూడా కాదు.

ఆ అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు. పక్కన ఎవరూ లేనివారికోసం ఆ అంకె ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

దీపావళి దాటాక ఒక పొద్దున్న నేను లేచేసరికి అమ్మ చెప్పులు గుమ్మంలో లేవు. గుండె ఆగినంత పని అయింది. గట్టు మీదికి పరుగెత్తాను. ఘాట్ మెట్ల మీద ఎదురింటి కోడలితో కూర్చుని, ఆ ఆవకాయలో నూనె ఎందుకు తేలలేదో చర్చిస్తోంది. నన్ను చూసి, "ఏమిటే ఆ ఆయాసం? రాత్రంతా ఆ కంప్యూటరు ముందు కూర్చుంటే మరి లేస్తావా?" అంది.

2023లో ఆబ్దికం అయింది. పెట్టినవారు వెళ్ళిపోయాక నేనొక సంగతి ఆలోచించాను. దుఃఖం ఎన్నాళ్ళు ఉండవచ్చు, ఎప్పటినుంచి దాన్ని జబ్బుగా చూడాలి అన్న దాని మీద వైద్యలోకంలో ఏళ్ళ తరబడి వాదం నడిచింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో సవరించిన తమ గ్రంథంలో, దీర్ఘకాలిక దుఃఖాన్ని రుగ్మతగా చేర్చి పెద్దవారికి పన్నెండు నెలల గడువు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆ గడువు ఆరు నెలలే. మన ఏటి సూతకం కూడా పన్నెండు నెలలే. ఒక ఏడు ఎవరూ నిన్ను పండగ చేసుకోమనరు, నవ్వమనరు. ఏడు తిరిగాక ఇక లేవమంటారు. లెక్క కలిసింది కదా అని మురిసిపోవడానికి మాత్రం నాకు మనసొప్పదు. ఆ శ్రావణ శుక్రవారం వేసిన తలుపు ఏడాదితో తెరుచుకునేది కాదు. నిరుడు ఎదురింటి కోడలు వ్రతానికి వచ్చి కూర్చోమంది. అమ్మ వెళ్ళలేదు గాని, పూర్ణాలకు పప్పు ఎంత ఉడకాలో గోడమీదినుంచి చెప్పింది.

మాత్రలు డాక్టరమ్మే మెల్లగా తగ్గించి 2024లో ఆపింది. నేను హైదరాబాదు వచ్చేశాను. అమ్మకు నిద్ర ఇప్పటికీ పూర్తిగా దారిలో పడలేదు. కొన్ని రోజులు నాలుగింటికే మెలకువ వస్తుంది. అప్పుడు నాకు ఫోన్ చేస్తుంది. "లేచావటే?" అంటుంది. "లేచానమ్మా" అంటాను, కళ్ళు తెరవకుండానే. బెండకాయలు కిలో ఎంత చెప్పాడో, పేపరువాడు ఇవాళ ఎక్కడ పడేశాడో, గోదావరిలో నీరు ఎంత ఎర్రగా ఉందో, వెలుగు వచ్చేదాకా చెప్తూనే ఉంటుంది.